చెట్టేది బిడ్డా: నాయనకు మెదడువాపు వచ్చిన తర్వాతి ఆరు నెలలు

2024 ఆగస్టు 11, ఆదివారం సాయంత్రం మా నాయనకు జ్వరం వచ్చింది. వానాకాలం కావడంతో నల్లగొండలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్న రోజులవి. మేము పెద్దగా పట్టించుకోలేదు. మరునాడు దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకుపోతే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. పొద్దునా సాయంత్రమూ ఇంజెక్షన్లు, మధ్యాహ్నం సెలైన్ మొదలయ్యాయి. బుధవారం నాడు ఆయన మంచంలో లేచి కూర్చుని, ఎక్కడో టైరు కాలుతున్న వాసన వస్తున్నదని అన్నాడు. మాకెవరికీ ఆ వాసన రాలేదు. అమ్మ వంటగదిలోకి, నేను మేడ మీదికి వెళ్ళి వెతికి వచ్చాం. అది బయటి వాసన కాదని, మెదడులోనే పుట్టిన వాసన అని తర్వాత డాక్టరు చెప్పేదాకా మాకు తెలియలేదు. జ్వరంతో ఉన్న మనిషికి లేని వాసనలు వస్తున్నా, తీరు మారినా, మాట తడబడినా ఇంజెక్షన్లు వేయించుకుంటూ రోజులు గడపవద్దని, వెంటనే నరాల డాక్టరున్న ఆసుపత్రికి పోవాలని ఇది చదివేవారికి మొదటే చెబుతున్నాను. మేము పోగొట్టుకున్న ఆ నాలుగు రోజుల విలువ తర్వాత తెలిసింది.

ఆగస్టు 15న బడిలో జెండా ఎగురవేసి నేను పదకొండింటికి ఇంటికి వచ్చేసరికి నాయన చొక్కాను తిరగేసి తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. నన్ను మా మేనత్త పేరుతో పిలిచాడు. సాయంత్రం ఆరున్నర దాటాక ఫిట్స్ వచ్చాయి. కారు మాట్లాడుకుని నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేరేసరికి రాత్రి పది దాటింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మేము ఊపిరి పీల్చుకున్నాం కానీ, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మాత్రం తేలికగా తీసుకోలేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపాడు, ఫలితం కోసం ఆగకుండా తెల్లవారుజామున రెండింటికే ఎసైక్లోవిర్ మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. పొద్దున ఎంఆర్‌ఐలో రెండు చెవుల వెనుక, మెదడు లోపలి అంచుల్లో తెల్లటి మచ్చలు కనిపించాయి. జ్వరం వచ్చినప్పుడు పెదవుల మీద నీటిపొక్కులు లేస్తాయే, ఆ హెర్పిస్ వైరసే మెదడుకు చేరిందని 18వ తేదీన వచ్చిన పీసీఆర్ రిపోర్టు తేల్చింది. మందు లేకపోతే ఈ జబ్బు వచ్చినవారిలో పదిమందికి ఏడుగురు బతకరని డాక్టరు చెప్పినప్పుడు మా తమ్ముడు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

చికిత్స అంతా ఆ ఒక్క మందే. నాయన బరువు 62 కిలోలు కాబట్టి ఎనిమిది గంటలకొకసారి 620 మిల్లీగ్రాములు, ఒక్కో సీసా గంటసేపు, మొత్తం 21 రోజులు. మందు మూత్రపిండాలకు భారం కాకుండా సెలైన్ పెడుతూ, రోజు విడిచి రోజు రక్తం తీసేవారు. రెండు వారాలు దాటాక సూది గుచ్చడానికి నరం దొరకడమే పెద్ద పనైపోయింది. ఐసీయూలో ఆరు రోజులు, వార్డులో పదిహేను రోజులు కలిపి బిల్లు మూడు లక్షల ఎనభై ఆరు వేలయింది. నాయన రిటైర్మెంటు డబ్బులో మిగిలినదంతా పోయి, నా గొలుసు తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఎవరూ ముందు చెప్పని ఖర్చు ఇంకొకటి ఉంటుంది: ఇద్దరు మనుషుల తిండి, చార్జీలు, సెలవుల జీతం. మాకు అది నలభై వేలు దాటింది.

పిల్లల చదువుల కోసం నేను ఆగస్టు 20న నల్లగొండకు తిరిగి వచ్చాను. మేము మేడ మీది వాటాలో, అమ్మానాయనలు కింద ఉంటాం. నాయన ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2023 జూన్‌లో రిటైరయ్యాడు. ఫస్ట్ సర్వీసు అలవాటు పోక, ఇప్పటికీ నాలుగున్నరకే లేచి ఇనుప బకెట్‌ను నల్లా కింద పెట్టేవాడు. ఆ బకెట్ చప్పుడుకు నేను ఏనాడూ లేచి ఎరుగను. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మాత్రం సరిగ్గా నాలుగున్నరకు మెలకువ వచ్చేది. చప్పుడుకు లేవని నేను, చప్పుడు కాకపోతే లేస్తున్నాను! జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలినై ఉండి కూడా దీన్ని నేను అంతకుముందు ఆలోచించలేదు. మెదడు లోకాన్ని ఊరికే వింటూ కూర్చోదు, ఇక ఇప్పుడు ఏమి వినిపించాలో ముందే అంచనా వేసుకుని కూర్చుంటుంది. వరుసగా మోగే శబ్దాల్లో ఒకటి మోగకుండా తప్పిపోతే, ఆ ఖాళీకి కూడా మెదడులో తరంగం లేస్తుందని తర్వాత చదివాను.

ఆరో రోజున నాయన బాగా తెలివిలోకి వచ్చాడు. అందరినీ గుర్తుపట్టాడు, అమ్మతో పరాచికాలాడాడు. గండం గడిచిందనుకున్నాం. శనివారం నేను వెళ్ళినప్పుడు "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. చెప్పాను. పక్కకు తిరిగి నీళ్ళు తాగి, మళ్ళీ నన్ను చూసి అదే సంతోషంతో "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. గంటలో పదకొండుసార్లు. ప్రతిసారీ ఆ ముఖంలో వెలుగు మొదటిసారిదే.

తర్వాతి కష్టం పెదనాయనది. ఆయన 2024 ఫిబ్రవరిలోనే పోయాడు. దినాలన్నీ నాయనే దగ్గరుండి జరిపించాడు. అయితే జబ్బుకు ముందటి ఏడాదిన్నర నాయన మనసులోంచి దాదాపు చెరిగిపోయింది. "అన్న రాలేదా నన్ను చూడ" అని అడిగితే, అబద్ధం చెప్పడం తప్పనిపించి నిజం చెప్పాం. గుండెలు బాదుకుని ఏడ్చాడు. అరగంటలో మరచిపోయి, సాయంత్రం మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాం, మళ్ళీ అదే ఏడుపు. ఆ వారంలో నాలుగుసార్లు ఆయన తన అన్న చావును కొత్తగా విన్నాడు. మామూలు మనిషికి దుఃఖం విన్నకొద్దీ, తలచినకొద్దీ పాతబడుతుంది. ఈయనకు పాతబడే దారే లేదు. ఐదోసారి అమ్మ "ఊరికి పోయిండు" అంది. తప్పో ఒప్పో గానీ, మేము ఆ మాట దగ్గరే ఆగిపోయాం.

సెప్టెంబరు 6న డిశ్చార్జి అయింది. తెల్లవారితే వినాయక చవితి. ఆటో దిగి గేటు ముందు నిలబడిన నాయన కదలలేదు. 1994లో ఇల్లు కట్టినప్పుడు ఆయనే నాటిన వేపచెట్టు, ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన పెద్ద వానలకు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. కొట్టించి తీసేయించాం, మొద్దు మాత్రం మిగిలింది. "చెట్టేది బిడ్డా?" అన్నాడు. వానకు పడిందని చెప్పాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మరునాడు పొద్దున గడప దాటగానే మళ్ళీ ఉలిక్కిపడి "చెట్టేది?" అన్నాడు. ఆ తర్వాత ప్రతి పొద్దునా అంతే. అదే నెలలో కింది గదికి సున్నం మార్చి నీలం రంగు వేయించాం, కొత్త మంచం తెచ్చాం, మందుల డబ్బా పెట్టే చోటు మూడుసార్లు మార్చాం. వీటిలో ఒక్కదానికీ ఆయన తల తిప్పి చూడలేదు. ఒక్క మనిషిలోనే ఇంత ఆశ్చర్యమూ, ఇంత ఆశ్చర్యం లేకపోవడమూ ఎట్లా కలిసి ఉన్నాయో నాకు అంతుపట్టలేదు.

సెప్టెంబరు 20న రివ్యూ కోసం బస్సులోనే వెళ్ళాం. నాయనకు బస్సంటే ప్రాణం. స్టాండులో బస్సు మీద టీఎస్ బదులు కొత్తగా వచ్చిన అక్షరాలు చూసి "ఈ టీజీ ఏంది?" అన్నాడు. కండక్టరు నాకు జీరో టికెట్ కొట్టిస్తే ఆయన లేచి నిలబడ్డాడు: "పైసలియ్యవా? ఆడోళ్ళకు టికెట్ లేదా?" ఆడవారికి ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలయింది, అది ఆయన పోగొట్టుకున్న కాలంలోనిదే. నార్కట్‌పల్లిలో ఒకసారి, చిట్యాలలో ఒకసారి, చౌటుప్పల్‌లో ఒకసారి, ఆయన అదే వింతను అవే కళ్ళతో చూశాడు. కండక్టరు తమ్ముడు ఓపికమంతుడు. మూడుసార్లూ "సర్కారు పెట్టింది సార్" అని చెప్పాడు.

నన్ను ఎక్కువ కదిలించింది ఆ తర్వాతి మాట. దేవరకొండ రూటులో నాయనకు ఒక పేరుండేది. కనగల్‌లో పదిమంది ఎక్కినా, కొండమల్లేపల్లిలో ఇరవైమంది దిగినా, ఆయన తలలు లెక్కపెట్టకుండానే బస్సు మీద ఒక్క చూపు సారించి, టికెట్ తీసుకోని మనిషి వైపే చేయి చాచేవాడు. ఎట్లా తెలుస్తుందని చిన్నప్పుడు అడిగితే "పాత ముఖాలు కంటికి ఆనవు బిడ్డా, కొత్తదే తగుల్తది" అనేవాడు. చౌటుప్పల్ దాటాక ఆయన బస్సంతా కలియచూసి, నా చెవిలో "అందరూ కొత్తోళ్ళే ఉన్నరేంది?" అన్నాడు. వాళ్ళలో చాలామంది నల్లగొండ నుంచి మాతోనే వచ్చినవాళ్ళు.

మూడు గంటలు కూర్చున్నాక డాక్టరు పిలిచాడు. ఇంట్లో జరుగుతున్నవన్నీ చెప్పి, బస్సు సంగతి కూడా చెప్పాను. ఆయన కాగితం మీద మెదడు బొమ్మ గీసి, హిప్పోకాంపస్ అనే వంకర ముక్కను చూపించాడు. ఎదుట ఉన్నదాన్ని, దాచిపెట్టుకున్నదానితో సరిపోల్చి, రెండూ కలవనప్పుడు గంట కొట్టడం దాని పనుల్లో ఒకటట. అది 'ఇది కొత్తది' అని చెప్పాలంటే ముందు 'పాతది' అంటూ ఏదో దాచి ఉండాలి. నాయనకు 1994 నాటి చెట్టు లోపల భద్రంగా ఉంది కనుక చెట్టు లేకపోవడం తగులుతుంది. పడిపోయిందన్న వార్త లోపలికి చేరదు కనుక ప్రతి పొద్దునా తగులుతుంది. నీలం గోడ అసలు లోపల లేదు కనుక, దాన్ని రేపు ఎర్రగా మార్చినా ఆయనకు ఏమీ తగలదు. బస్సులోని ముఖాలన్నీ కొత్తవే అయినప్పుడు ఏ ఒక్కటీ విడిగా కనిపించదు. ఇంత తేటగా నాకు ఎవరూ ఏదీ బోధించలేదు; పది నిమిషాల ఆ పాఠానికి ఫీజు ఎనిమిది వందలు.

జ్ఞాపకశక్తి పరీక్షకు ఐదు వారాలు ఆగవలసి వచ్చింది. అక్టోబరు 25న రెండున్నర గంటలు, మూడు వేల ఐదు వందల రూపాయలు. ఏడంకెల వరుసను నాయన తడుముకోకుండా తిరిగి చెప్పాడు. చిన్న కథ చదివి వినిపిస్తే వెంటనే చాలావరకు చెప్పాడు. అరగంట ఆగి ఆ కథ చెప్పమంటే "కథా? ఏ కథ?" అని మర్యాదగా నవ్వాడు. వెళ్ళేవారు కళ్ళద్దాలు, వినికిడి యంత్రం మరచిపోకూడదు. మేము కళ్ళద్దాలు మరచిపోయి పక్కవారివి అడిగి తెచ్చుకున్నాం.

నవంబరు 12న పి300 అనే పరీక్ష చేశారు. రెండు వేల రెండు వందల రూపాయలు. ముందురోజు షాంపూతో తలంటుకోవాలి, నూనె చుక్క కూడా ఉండకూడదన్నారు. నలభై ఏళ్ళుగా కొబ్బరినూనె లేకుండా బయటికి పోని మనిషిని ఒప్పించడం, మరచిపోయి మళ్ళీ రాసుకోకుండా సీసా దాచడం ఆ రోజు పెద్ద యుద్ధం. నడినెత్తి మీద, చెవుల దగ్గర జిగురుతో తీగలు అంటించి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. ఒకే రకం లావు శబ్దం టిక్కు టిక్కుమని వస్తూ ఉంటుంది, నడుమ నడుమ ఎప్పుడో ఒక సన్న శబ్దం వస్తుంది; సన్నదాన్ని మాత్రం లెక్కపెట్టాలి. ఇలా ఏది వస్తుందో ముందే తెలియని శబ్దం వచ్చిన సుమారు 300 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే, మెదడులో ఒక అల లేస్తుందని 1965లో శామ్యూల్ సట్టన్, ఆయన సహచరులు చూపించారు. పేరులోని 300 అదే. అది వయసుతో కొంచెం ఆలస్యమవుతుంది. నాయనది 352. వయసుకు తగ్గట్టే ఉందన్నారు. లెక్క ఎంతని అడిగితే "ముప్ఫై తొమ్మిది" అన్నాడు, వచ్చినవి నలభై. టెక్నీషియను మెచ్చుకుంది. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ నాయన "ఇక్కడికి ఎందుకొచ్చినం?" అని అడిగాడు.

రిపోర్టు బాగుందని తమ్ముడు సంబరపడ్డాడు. నాకు మాత్రం మోసపోయినట్టు అనిపించింది. పరీక్ష బాగుంటే ఇంట్లో ఇదేమిటి? డాక్టరు చెప్పినదేమంటే, ఆ టిక్కుల వరుసను గుర్తుంచుకోవడానికి కొన్ని క్షణాల జ్ఞాపకం చాలు, పైగా నాయన మనసు పెట్టి లెక్కిస్తున్నాడు. ఆ పనికి హిప్పోకాంపస్ అంతగా అక్కరలేదు. రాబర్ట్ నైట్ అనే శాస్త్రవేత్త 1996లో హిప్పోకాంపస్ భాగం దెబ్బతిన్న రోగులను పరీక్షించాడు. చెప్పి పెట్టిన శబ్దానికి వాళ్ళ మెదడు బాగానే స్పందించింది. చెప్పకుండా హఠాత్తుగా వినిపించిన వింత శబ్దాలకు మాత్రం ఆ అల తగ్గిపోయింది, చర్మంలో కలిగే ఉలికిపాటు కూడా తగ్గింది. మాకు చేసిన పరీక్షలో అటువంటి వింత శబ్దాలే లేవు. పరీక్షకు డబ్బు కట్టేముందు 'ఇది దేన్ని చూపదు?' అని అడగాలని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఇంట్లో నేనే ఒక పరీక్ష పెట్టాను. 1980లో మార్టా కూటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ అనే ఇద్దరు వాక్యం చివర పొసగని మాట పెట్టి, రొట్టె మీద సాక్సులు పూశాడన్నట్టుగా చదివిస్తే, 400 మిల్లీసెకన్ల దగ్గర మరొక రకం అల వస్తుందని కనుగొన్నారు. నేను అన్నం ముందు కూర్చున్న నాయనతో మామూలుగా "వేడి అన్నంలో పప్పు వేసుకుని ఇంత ఇసుక కలుపుకో నాయినా" అన్నాను. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. నా వైపు చూసి "నీకేమన్న లేసిందా?" అన్నాడు. అమ్మా నేనూ కడుపుబ్బ నవ్వాం. ఆగస్టు తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. మాటల జ్ఞాపకం ఎక్కడో మెదడంతా పరచుకుని చెక్కుచెదరకుండా ఉంది. నిన్నటి జ్ఞాపకమే లేదు. ఆశ్చర్యమనేది ఒక్కటే గుణమనుకుని ఇన్నాళ్ళూ పిల్లలకు పాఠం చెప్పాను. ఏ జ్ఞాపకానికి ఆ జ్ఞాపకపు ఆశ్చర్యం ఉంటుందని నాయనను చూశాక గానీ తెలియలేదు.

మరి కొత్తది ఎందుకు లోపలికి చేరదని నేను అడిగితే, అది రెండు వైపులా దెబ్బ అన్నాడు డాక్టరు. ఏదైనా అనుకోనిది ఎదురైనప్పుడు హిప్పోకాంపస్ నుంచి నడిమెదడుకు కబురు పోతుంది, అక్కడి నుంచి డోపమైన్ అనే రసాయనం తిరిగి వచ్చి ఆ సంగతిని గట్టిగా పాతుకునేలా చేస్తుందని 2005లో లిస్మాన్, గ్రేస్ అనేవారు ప్రతిపాదించారట. మనకు పెళ్ళినాటి వాన గుర్తుండి, మామూలు సోమవారం గుర్తుండకపోవడం అందుకేనట. నాయన విషయంలో ఆ కబురు బయలుదేరే చోటే కాలిపోయింది.

మందులతో ఇది తిరిగి రాదని, అలవాటు చేయించడమే దారి అని చెప్పారు. 1953లో ఆపరేషనుతో ఈ భాగాన్ని పోగొట్టుకున్న అమెరికా రోగి హెన్రీ మొలైసన్, తాను నేర్చుకున్నానని తెలియకుండానే, అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం రోజురోజుకూ బాగా నేర్చుకున్నాడట. చేతికి, కాలికి వేరే జ్ఞాపకం ఉంటుందన్న ఆ ఒక్క మాట పట్టుకుని నవంబరు ఆఖరున మొదలుపెట్టాం. ఏ వస్తువునూ చోటు మార్చలేదు. లోపలి తలుపు మీద తెల్లబోర్డు పెట్టి "వేపచెట్టు వానకు పడింది" అని పెద్దక్షరాలతో రాశాం. పెదనాయన సంగతి రాయలేదు. రాయాలా వద్దా అని నేనూ తమ్ముడూ రెండు రోజులు వాదించుకున్నాం. అమ్మ మార్కరు తీసి దాచేసింది.

మొదటి మూడు వారాలు బోర్డు చదివి కూడా బయటికి వచ్చి ఉలిక్కిపడేవాడు. అసలు బోర్డునే ప్రతిరోజూ కొత్తగా చూసేవాడు. విసిగిపోయి డిసెంబరులో ఒకనాడు నేను ఆయన మీద అరిచాను. అది ఆయనకు గుర్తు లేదు, నాకు ఉంది. సంక్రాంతి ముందు నుంచి "చెట్టేది" అన్న అడుగుడు పలచబడింది. మూడు రోజులకొకసారి, తర్వాత వారానికొకసారి.

ఆ చెట్టు మొదలుకు ఒక మేకు ఉండేది. ముప్ఫై ఏళ్ళు పొద్దున ముఖం కడుక్కుని తువ్వాల దానికే తగిలించేవాడు. నేను నవంబరులో గోడకు కొత్త మేకు కొట్టించాను. మొదట్లో తువ్వాలను గాలిలోకి చాచి, చెట్టు లేని చోట నిలబడిపోయేవాడు. 2025 ఫిబ్రవరి 9న, ఆదివారం, మేడ మెట్ల మీద నుంచి చూశాను. నల్లా కట్టి, మొద్దును చుట్టి నడిచి, అటువైపు చూడకుండానే తువ్వాలను గోడ మేకుకు తగిలించాడు. కిందికి దిగి, "ఈ మేకు ఎప్పుడు కొట్టినం నాయినా?" అని అడిగాను. నన్ను వింతగా చూసి "ఎప్పటి నుంచో ఉన్నదే గదా" అన్నాడు.